పసుపు గీతకు ఇవతల

సర్రీ
మార్చి 19, 2023

సరోజనా,

ఇక్కడ అందరం బాగున్నాం, వాన కూడా బాగానే ఉంది. ఫోన్‌లో చెప్పకుండా ఉత్తరం ఎందుకు రాస్తోందీ వదిన అనుకుంటున్నావేమో. ఫోన్ ఎత్తగానే నువ్వు స్పీకర్ ఆన్ చేసి పప్పు పోపు పెట్టుకుంటూ మాట్లాడతావు. మీ ఇంట్లో ఉన్నవాళ్ళంతా వెనక నుంచి ఊఁ కొడతారు. ఈ సంగతి అలా చెప్పేది కాదు. పెళ్ళయిన కొత్తలో నేను ఏలూరు నుంచి, నువ్వు నిజామాబాద్ నుంచి రాసుకున్నట్టే రాసుకోవాలి. ముందు కూర్చో.

నేను పిస్టల్ కాల్చడం నేర్చుకుంటున్నాను.

మా పక్కింటి అంజలీన్ నాయుడు నీకు గుర్తుందా? పోయినసారి వచ్చినప్పుడు నీకు పనసకాయ కూర ఇచ్చి వెళ్ళిన ఫిజీ ఆవిడ. వాళ్ళ ముత్తవ్వ విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల పనికి ఫిజీ వెళ్ళిందట. ఆ ముత్తవ్వ నుంచి ఈవిడ దాకా వచ్చిన తెలుగు మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఆవిడ ఎక్కువగా వాడేది 'నిదానం'. ఇంతకాలం పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిందనుకున్నాను. కాదు, జైలు గార్డు. ఇప్పుడు ఊరి బయట ఒక షూటింగ్ క్లబ్బులో కొత్తవాళ్ళకు నేర్పుతుంది. ఆవిడ పక్కన నిలబడి ఉంటే నాలాంటి అతిథి కూడా ఆవిడ పిస్టల్‌తో కాల్చవచ్చు.

మొదటి రోజు ఒక్క గుండు కూడా పేల్చనివ్వలేదు. బల్ల దగ్గర కూర్చోబెట్టి నియమాలు చెప్పింది. ఖాళీగా ఉందని తెలిసినా గుళ్ళున్నట్టే చూడాలి. కాల్చకూడని దాని వైపు గొట్టం తిప్పకూడదు. కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఎదుట ఉన్నదే కాదు, దాని వెనక ఏముందో కూడా తెలియాలి. గ్యాస్ కట్టేశానా అని పడుకోబోయే ముందు మళ్ళీ లేచి చూసుకునే మనిషిని నేను. ఆ నియమాలు వింటుంటే పుట్టింటికి వచ్చినట్టుంది.

రెండో వారం కాల్చాను. మొదటి గుండుకు కళ్ళు మూసేసుకున్నాను. కుక్కర్ మూత ఎగిరినట్టు చప్పుడు, ఆ వెంటనే అరచేతిలో గుద్దు. తర్వాత అంజలీన్ చెప్పినట్టు ఊపిరి సగం వదిలి, వేలు మెల్లగా, జాకెట్ హుక్కు పెట్టుకున్నంత మెల్లగా నొక్కితే చిల్లులన్నీ ఒకేచోట గుమిగూడాయి. ఆ కాగితం ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌కి అంటించాను. మీ అన్నయ్య దాన్ని కాసేపు చూసి, అప్పటి నుంచి సాంబారులో ఉప్పు ప్రస్తావన తేవడం లేదు.

వాకింగ్‌కు తోడు దొరికింది కదా అని వెళ్తున్నాను, అంతే. స్నేహ బాగానే ఉంది, చదువుకుంటోంది.

నీ వదిన
కమల


స్కార్‌బరో
ఏప్రిల్ 2

వదినా,

కూర్చోమన్నావు కానీ నేను నిలబడే చదివాను. చదివాక కూర్చున్నాను. కూర్చున్నదాన్ని మా ఆయన వచ్చి లేపాడు. ఏమైందంటే చెప్పలేదు. నువ్వు మెచ్చుకోవాలి.

నువ్వా వదినా? బొద్దింకను చంపమంటే కాగితం మీదికి ఎక్కించుకుని బాల్కనీలో వదిలి వచ్చిన మనిషివి. సరే, నేర్చుకుంటున్నావు కాబట్టి నాకో సలహా చెప్పు. మా వీధిలో ఈ నెలలో కార్లు వరసగా పోతున్నాయి. ఎదురింటివాళ్ళది పొద్దున లేచేసరికి లేదు. ఈయన ట్రక్కు మీద విన్నిపెగ్ వెళ్తే నాలుగేసి రోజులు రాడు. కింద అద్దెకు ఉన్న స్టూడెంట్ పిల్లలు పనుల నుంచి ఎవరెప్పుడు వస్తారో వాళ్ళకే తెలియదు. తలుపు చప్పుడైతే వచ్చింది మన పిల్లో దొంగో తెలియక చపాతీ కర్ర పట్టుకుని నిలబడుతున్నాను. ఒక పిస్టల్ కొనుక్కుని దిండు కింద పెట్టుకుంటే ఎలా ఉంటుంది? ఎక్కడ అమ్ముతారు, ఏ కంపెనీది మంచిది, వివరంగా రాయి. మిక్సీ కొనేముందు నువ్వు నాకు రాసినట్టు.

ఇంకో మాట. స్నేహ ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి వస్తుంది. మా మరిది కోదండరామ్ సంగతి నీకు తెలుసు. డిపో మేనేజర్‌గా మాట్లాడీ మాట్లాడీ, ఆయన గొంతు విప్పితే బస్సులు కూడా హారన్ కొట్టవు. ఒక్కగానొక్క కూతురు స్నేహను ఇంత దూరం, కెనడాకు పంపనంటే పంపనని కూర్చున్నాడు. నేను ఫోన్‌లో గంటలకొద్దీ బతిమాలి, మా వదిన ఇంట్లో ఉంటుంది, నాది పూచీ అని చెప్పి రప్పించాను. ఇంకా ఏడాది చదువు ఉంది. ఏదైనా ఒక్క సాకు దొరికితే చాలు, వెనక్కి పిలిపించడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఆ పిల్లకు ఏ సాకూ లేకుండా చూసుకో.

సరోజన


సర్రీ
ఏప్రిల్ 16

సరోజనా,

దిండు కింద దిండు కవరే ఉండనీ. అంజలీన్‌ను అడిగాను. ఆవిడ నవ్వి, ఈ దేశంలో ఇంటి కాపలాకని ఎవరికీ పిస్టల్ ఇవ్వరని చెప్పింది. పోయిన అక్టోబర్ నుంచి మామూలు మనుషులు కొత్తగా కొనుక్కోవడమే ఆపేశారట. ముందు నుంచి ఉన్నవాళ్ళు కూడా తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. నువ్వు తాళంచెవి వెతికి, పెట్టె తీసి, గుళ్ళు ఎక్కించేలోగా దొంగ నీ ఫిల్టర్ కాఫీ తాగి గ్లాసు కడిగి వెళ్ళిపోతాడు. గుమ్మం ముందు మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టించు. పిల్లలను వచ్చేముందు మెసేజ్ పెట్టమను. చపాతీ కర్ర చపాతీలకే ఉంచు.

నాకు ఇంకో కారణం వల్ల కూడా నీ ఆలోచన నచ్చలేదు. అది చెప్తాను, నవ్వుకో.

నిదానంగా నిలబడి కాల్చినంతకాలం నేను క్లబ్బులో పెద్ద ఘనురాలిని. అందుకని అంజలీన్ ఈసారి ఒత్తిడి పాఠం పెట్టింది. దూరంగా ఉన్న స్తంభం దాకా పరుగెత్తి రావాలి. వచ్చి ఆయాసంతో ఉండగానే చెవి పక్కన బీప్‌మంటుంది. ఎదురుగా దొంగల బొమ్మల అట్టలు, వాటి మధ్యలో ఒక తెల్ల అట్ట. అది అమాయకుడు, వాడికి తగలకూడదు. బీప్ అనగానే నా వేళ్ళు గులాబ్‌జామ్‌ల్లా ఉబ్బినట్టయ్యాయి. పక్కన ఎవరున్నారో కనపడలేదు. ప్రపంచమంతా నల్లా గొట్టంలోంచి చూస్తున్నట్టుంది. అయ్యాక ఎన్ని పేల్చావని అంజలీన్ అడిగితే నాలుగు అన్నాను. ఆరు పేల్చానట. బియ్యం డబ్బాలో ఎన్ని గ్లాసులున్నాయో మూత తీయకుండా చెప్పే దాన్ని! దొంగల్లో ఒకడికి చెవి తెగింది. మిగతావాళ్ళు క్షేమం. అమాయకుడికి సరిగ్గా గుండెల్లో తగిలింది.

అసలు పరువు పోయింది ఆ తర్వాత. క్లబ్బు హాలులో చెక్క పలకలతో ఇల్లులా కట్టారు. చేతికి రబ్బరు పిస్టల్ ఇస్తారు, అది పేలదు. బీప్ అనగానే గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, మూల మూలా చూసుకుంటూ కదలాలి. గుమ్మం ముందు ఎవరో సరదాకి నిజం డోర్‌మ్యాట్ వేశారు. బీప్ అంది.  నేను పరుగున వెళ్ళి ఆ మ్యాట్ మీద ఆగి, రెండు బూట్లూ విప్పి, ఒకదాని పక్కన ఒకటి సర్దిపెట్టి, అప్పుడు పిస్టల్ ఎత్తుకుని లోపలికి వెళ్ళాను.

బూట్లు విప్పానని నాకు తెలియదు సరోజనా. లోపల నేల చల్లగా తగిలాక తెలిసింది. హాలంతా పొట్టలు పట్టుకున్నారు. అంజలీన్ మాత్రం నవ్వలేదు. అందరినీ కూర్చోబెట్టి, ఇవాళ్టి పాఠం ఈవిడే చెప్పింది అంది. భయం వేసినప్పుడు మనిషి కొత్తగా ఏదీ కనిపెట్టడట. రోజూ ఏ పని చేస్తుందో చెయ్యి అదే చేస్తుందట. జైలులో ఉన్నప్పుడు ఒక గొడవ జరుగుతుంటే తను కింద పడిన అన్నం పళ్ళేలు ఏరి దొంతర పెట్టిందట. నాకు బాగా ఊరట కలిగింది.

స్నేహ పరీక్షల హడావిడిలో ఉంది. వాళ్ళ నాన్నకు అలాగే చెప్పు.

కమల


స్కార్‌బరో
ఏప్రిల్ 29

వదినా,

బూట్ల సంగతి చదివి నవ్వలేక కళ్ళ నీళ్ళు వచ్చాయి. మా ఆయనకు కూడా చదివి వినిపించాను. నువ్వు ఒకవేళ నిజంగా దొంగను పట్టుకున్నా ముందు వాడి కాళ్ళకు నీళ్ళిస్తావని అన్నాడు. లైటు పెట్టించాను. పిల్లి కదిలినా వెలుగుతోంది. ఇప్పుడు దొంగ భయం పోయి పిల్లి మీద కోపం వచ్చింది.

కానీ వదినా, నీ ఉత్తరం ఇంకోసారి చదివాను. తుపాకీ గురించి పేజీలు పేజీలు. స్నేహ గురించి ఆఖర్న ఒక వాక్యం. మొదటి ఉత్తరంలో కూడా అంతే. నువ్వు నాకు మిక్సీ గురించి రాసినప్పుడు జాడీ మూత రంగు కూడా రాసిన మనిషివి. ఏప్రిల్ మధ్యలో ఏం పరీక్షలు? మా ఇంట్లో ఉన్న పిల్లలకు ఎప్పుడో అయిపోయాయి.

ఇంకోటి. మోకాళ్ళ నొప్పులని వాకింగ్ మానేసి రెండేళ్ళయిందని నువ్వే చెప్పావు. వాకింగ్‌కు తోడని తుపాకీ పట్టుకున్నావంటే నేను నమ్మాలా? ఆ ఇంట్లో ఏమైంది?

సరోజన


సర్రీ
మే 7

సరోజనా,

చెప్తాను. స్నేహకు మాటిచ్చి దాచాను. ఇవాళ దాన్ని అడిగే రాస్తున్నాను. పెద్దమ్మకు చెప్పు, నాన్నకు మాత్రం వద్దు అంది. కాబట్టి ఇది నీ దగ్గరే ఉండాలి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం. స్నేహ పెట్రోల్ బంకు పక్కన ఉన్న చిన్న షాపులో కౌంటర్ మీద ఒక్కతే ఉంది. టోపీ ముఖం మీదికి లాక్కున్న ఒకడు వచ్చి, కోటు పక్కకు తీసి పిస్టల్ చూపించి, గల్లా తెరవమన్నాడు. ఆ పిల్ల తెరిచింది. నోట్లు తీసి కౌంటర్ మీద పెట్టింది. పెట్టి, "బ్యాగ్ కావాలా?" అని అడిగింది.

రోజుకు వందమందిని అడిగే మాట. వాడు కూడా ఒక్క క్షణం తెల్లబోయి, కావాలన్నాడట. సంచిలో పెట్టి ఇచ్చింది. వాడు వెళ్తుంటే, మీ రోజు బాగా గడవాలని కూడా అంది. తర్వాత పోలీసులు వచ్చేదాకా అక్కడే నిలబడిపోయింది. ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. ఆ మాట ముందే రాయాల్సింది, క్షమించు.

దెబ్బ తర్వాత తగిలింది. ఆ షాపు మేనేజర్ కెమెరా వీడియోను మిగతా పనివాళ్ళకు చూపించి నవ్వాడు. ఆ పిల్లను బ్యాగ్ మేడమ్ అని పిలవడం మొదలుపెట్టారు. పని మానేసింది. తర్వాత కాలేజీ కూడా సగం మానేసింది. గదిలోంచి పళ్ళెం తీసుకెళ్ళడానికే వచ్చేది. ఒకరోజు నేను పప్పు వడ్డిస్తుంటే తల ఎత్తకుండా అడిగింది.

"అత్తమ్మా, నాకు నోరే రాలే. ఒర్రలే, ఉరకలే. వానికి సంచి ఇచ్చిన. నువ్వయితే ఏం జేసేదానివి?"

 భయపడకు, అలా అనుకోకు అని ఏదో అనవచ్చు. కానీ నిజంగా నేనైతే ఏం చేస్తానో నాకు తెలియదు. తెలియని విషయం తెలుసుకుని చెప్పడమే నాకు చేతనైన పని. మర్నాడు అంజలీన్ తలుపు తట్టాను. ఇదీ నా వాకింగ్ కథ.

బూట్లు విప్పిన రోజు ఇంటికి వచ్చి మొట్టమొదట స్నేహకే చెప్పాను. ముందు నమ్మలేదు. గుమ్మం దగ్గర చేసి చూపించాను. అది నేల మీద కూలబడి నవ్వింది. రెండు నెలల తర్వాత దాని నవ్వు విన్నాం. లోపల్నుంచి మీ అన్నయ్య కూడా వచ్చి, ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండానే నవ్వాడు. అప్పటి నుంచి నాతో క్లబ్బుకు వస్తోంది. పిస్టల్ ముట్టుకోదు. చప్పుడు ఆపే డిప్పలు చెవులకు పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చుంటుంది. మొదట్లో ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడేది. ఇప్పుడు కూర్చుని వేరుశనగలు తింటోంది. కొద్దికొద్దిగా దారికి వస్తోంది. దాన్ని ఇప్పుడు కదిలించకు. నీ కడుపులో పెట్టుకో.

కమల


స్కార్‌బరో
మే 15

వదినా,

నా కడుపులోనే పెట్టుకున్నాను. ఒక పూట. ఉత్తరం చదివి ఏడుస్తూ కూర్చుంటే ఈయన విన్నిపెగ్ నుంచి దిగాడు. ఏమైందని అడిగితే చెప్పాను. మొగుడికి చెప్తే ఎవరికీ చెప్పనట్టే అనుకున్నాను. టీ చల్లారేలోపు తమ్ముడికి ఫోన్ చేశాడు.

నన్ను తిట్టు. ఆ తిట్లు కూడా ఉత్తరంలోనే రాయి, దాచుకుని చదువుకుంటాను.

కోదండరామ్ జూన్ పదో తేదీకి టికెట్ కొన్నాడు. చదువు వద్దు, ఏమీ వద్దు, బిడ్డ ప్రాణాలతో ఇంటికి వస్తే చాలంటున్నాడు. ఆయన తప్పు కూడా ఏముంది? నాకు ఫోన్ చేసి, నీ పూచీ ఏమైంది వదినా అని ఒక్కటే అడిగాడు. ఆయన అరిస్తే తట్టుకునేదాన్ని. మెల్లగా అడిగాడు.

స్నేహ ఫోన్ చేస్తే ఆయనే మాట్లాడుతున్నాడట. ఇది ఊఁ, ఆఁ అని పెట్టేస్తోందట. వాళ్ళమ్మ చెప్పింది. ఆ పిల్ల మనసులో అసలు ఏముంది వదినా? వెళ్తానంటే నేనే వచ్చి విమానం ఎక్కిస్తాను. ఉంటానంటే ఆయనతో పోట్లాడతాను. కానీ ఎటూ చెప్పకపోతే నేనేం చేయను?

సరోజన


సర్రీ
మే 29

సరోజనా,

తిట్లు రాయడానికి కాగితం తీశాను. కానీ నిన్న నేను చేసిన పని తర్వాత ఎవరినీ తిట్టే అర్హత నాకు లేదు. వరసగా చెప్తాను.

టికెట్ సంగతి తెలిసిన రోజే స్నేహ సూట్‌కేసు తీసి మంచం మీద పెట్టింది, కానీ సర్దలేదు. నువ్వు అడిగిందే నేనూ అడిగాను, ఉంటావా వెళ్తావా అని. "నాన్న చెప్పిండు గదా అత్తమ్మా" అంది. నీ మాటేమిటంటే, "నేను ఒక్కదాన్ని ఇక్కడ ఉండగలనో లేదో నాకే తెలుస్తలేదు" అంది. నిన్న ఆదివారం, ఎండ కాసింది. క్లబ్బుకు వెళ్దామా అంటే లేచి వచ్చింది.

అక్కడి పద్ధతి నీకు చెప్పాలి. కాల్చేవాళ్ళంతా ఒక వరసలో బల్లల వెనక నిలబడతారు. బల్లల ముందు నేల మీద పసుపు గీత ఉంటుంది. కాల్పులు నడుస్తున్నంతసేపు ఆ గీత ఎవరూ దాటకూడదు. అందరూ పిస్టళ్ళు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాక, కాపలా చూసే పెద్దాయన సరేనంటేనే అవతలికి వెళ్ళి కాగితాలు మార్చుకోవాలి. అందరూ తిరిగి వచ్చాక ఆయన మళ్ళీ కేకేస్తాడు, మళ్ళీ కాల్పులు మొదలవుతాయి.

నిన్న నేను కాగితం మార్చుకుని వస్తుంటే, నా బల్ల ముందు, గీతకు అవతల, ఖాళీ తూటాల తొడుగులు చిందరవందరగా పడి ఉన్నాయి. ఇత్తడివి, మెరుస్తున్నాయి. వాటిని ఏరి డబ్బాలో వేస్తే క్లబ్బువాళ్ళు మళ్ళీ వాడుకుంటారు. నేల మీద ఏదైనా చెదిరి ఉంటే నా నడుము దానంతటదే వంగుతుందని నీకు తెలుసు. వంగాను. బల్ల చాటున కూర్చుని ఒక్కొక్కటే ఏరుతున్నాను. చెవులకు డిప్పలు. అవతల చివర అంజలీన్ ఎవరికో పిస్టల్ ఇరుక్కుంటే చూస్తోంది. పెద్దాయన వరస వెంట చూశాడు, వంగి ఉన్న నేను కనపడలేదు. మొదలుపెట్టమని కేకేశాడు. నాకు వినపడలేదు. నా పక్క బల్ల కుర్రాడు పిస్టల్ చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు ఒక గొంతు లేచింది.

"సీజ్ ఫైర్!"

కాల్పులు ఆపమని. నా డిప్పల్లోంచి కూడా ఖంగుమని వినిపించింది. తల ఎత్తి చూస్తే వెనక బెంచీ మీద స్నేహ నిలబడి ఉంది, చెయ్యి పైకెత్తి. ఒళ్ళో ఉన్న వేరుశనగలన్నీ కింద పడ్డాయి. వరసలో ఉన్నవాళ్ళంతా, ఆరడుగుల మనుషులు, గడ్డాలవాళ్ళు, పాత పోలీసులు, ఒక్కరు కూడా ఎవరు అరిచారని అడగలేదు. అందరూ పిస్టళ్ళు బల్ల మీద పెట్టి వెనక్కి అడుగేశారు. అక్కడ అదీ నియమం. ఆ మాట ఎవరన్నా సరే, నిన్న కాక మొన్న వచ్చిన అతిథి అన్నా సరే, ముందు ఆగాలి, తర్వాతే అడగాలి.

ఆ నిశ్శబ్దంలో నేను గుప్పెడు ఇత్తడితో బల్ల చాటు నుంచి మెల్లగా పైకి లేచాను.

పెద్దాయన తన తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకుని, నా తప్పు నాకు చెప్పి, నన్ను ఆ రోజుకు ఇంటికి పంపేశాడు. నేను మళ్ళీ మొదటి పాఠం నుంచి కూర్చోవాలి. అంజలీన్ నా వైపు చూసి 'నిదానం' అని మాత్రం అంది. ఆ తెలుగు మాట ఇంత కోపంగా కూడా పలకవచ్చని నాకు తెలియదు. తర్వాత పెద్దాయన స్నేహ దగ్గరికి వెళ్ళి టోపీ తీసి చెయ్యి కలిపాడు. ఆ పక్క బల్ల కుర్రాడు కూడా వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.  స్నేహే వాడికి తన వాటర్ బాటిల్ ఇచ్చింది.

  కారులో నది వంతెన మీదికి వచ్చాక స్నేహ అంది.

"అత్తమ్మా, ఆ దినం నా గొంతు పోయింది అనుకున్న. పోలే. ఆ దినం ఒర్రితే వాడు కాల్చేటోడేమో. ఇయ్యాల ఒర్రకపోతే నువ్వు పోయేదానివి."

 నడుపుతూ ఏడవడం ఈ దేశంలో నేరమో కాదో తెలియదు కానీ, జాగ్రత్తగానే నడిపాను.

ఇంటికి వచ్చి సూట్‌కేసు మంచం మీద నుంచి తీసి అటక మీద పెట్టింది. నాన్నకు నేనే ఫోన్ చేస్తాను, పెద్దమ్మను ముందుగా ఏమీ చెప్పొద్దను అంది. కాబట్టి ఈసారైనా మీ ఆయనకు టీ ఇచ్చేటప్పుడు నోరు కట్టుకో.

ఎంత రాసినా నా తప్పు చిన్నదైపోదు. మీ అన్నయ్య నిన్నటి నుంచి నాతో అవసరానికి మించి మర్యాదగా ఉంటున్నాడు, అదే నాకు శిక్ష.

కమల


స్కార్‌బరో
జూన్ 8

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు దేవుడి దగ్గర దీపం పెట్టాను. తర్వాత నిన్ను తిట్టాను. తర్వాత మళ్ళీ దీపం సరిచేశాను. ఇంకోసారి నేల మీద ఏం పడినా వంగకు. వజ్రాలు పడినా సరే.

టీ ఇచ్చాను, చెప్పలేదు. ఆయన నా ముఖం చూసి ఏదో ఉందని పసిగట్టి, ఇంకో రెండు కప్పులు అడిగాడు. అయినా చెప్పలేదు.

మొన్న పొద్దున కోదండరామ్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్ ఆన్ చేయలేదు, నీ మీద ఒట్టు. వంటింటి తలుపు కూడా వేశాను. అమ్మాయి చేసిందట. మామూలుగానే ఆయన మొదలుపెట్టాడట. ఏ గేటు, ఏ విమానం, దిగాక ఎవరు వస్తారు, ఎంసెట్ కోచింగ్ సెంటర్లో ఏదైనా ఉద్యోగం చూస్తాను, ఇలా. సగంలో అది అడ్డుపడిందట.

"నాన్నా, ఆగు. ముందు నేను చెప్పేది విను."

అలాగే అందట. గట్టిగా కూడా కాదట. ముప్పై ఏళ్ళ సర్వీసులో, పాతికేళ్ళ కాపురంలో ఆయనను మధ్యలో ఆపినవాళ్ళు లేరు. ఆపిందే కాకుండా అంతా చెప్పిందట. దొంగ, సంచి, వీడియో, గదిలో కూర్చున్న రోజులు, నువ్వు, పసుపు గీత, అన్నీ. ఆ షాపుకు వెళ్ళదట. పొద్దున పూట నడిచే ఒక బేకరీలో, ఇద్దరు ముగ్గురు మనుషులు ఉండే చోట పని చూసుకుందట. పోయిన సబ్జెక్టు వేసవిలో మళ్ళీ చదువుతుందట. ఏడాది తర్వాత పట్టా తీసుకున్నాక వస్తాను, అప్పుడు మీరు ఏం చెప్పినా వింటాను, ఇప్పుడు రాను అందట.

మరి మీరు ఏమన్నారు, పదో తేదీ టికెట్ ఏమైంది అని అడిగాను.  

ఆయన అన్నది వదినా, నీకు అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"ఆగమన్నది వదినా. ఆగిన."

సరోజన